అక్క చూడని దానిమ్మపూల పట్టు

ఇటలీ నుంచి తిరిగొచ్చి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో మదనపల్లెలో ఎదురైనవాళ్ళంతా అడిగింది ఒకటే మాట. "టీచరమ్మా, ఏమేం చూసొచ్చినారు?" బొమ్మలు అంటాను, గుడులు అంటాను, ఏటి మీద బంగారు అంగళ్ళున్న వంతెన అంటాను. వాళ్ళు తల ఊపి, కూరగాయల సంచీ సర్దుకుని వెళ్ళిపోతారు. అంత దూరం నేనెందుకు పోయానో బజారులో నిలబడి చెప్పేది కాదు. అందుకే రాయడానికి కూర్చున్నాను.

నా పేరు సరోజ. రామకుప్పం పక్కన ఒక హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఏనుగులు అడవి దాటొచ్చి రాగిచేలలో పడిన మర్నాడు సగం మంది పిల్లలు బడికి రారు అక్కడ. ఏటా యూరప్ పునరుజ్జీవనం పాఠం చెప్పేదాన్ని. ఫ్లోరెన్స్ అనే పేరు ఆ పాఠంలో ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. ఆ వాక్యం దగ్గర ప్రతి ఏడూ కాసేపు ఆగిపోయేదాన్ని. ఎందుకో పిల్లలకు చెప్పలేదు.

మా నాన్న చౌడప్ప పట్టుచీరలు నేసేవాడు. అమ్మ పోయాక మగ్గం మీద ఆయన పక్కన కూర్చుంది మా అక్క నాగరత్న. నలభై ఏళ్ళ కిందట ఒక బెంగుళూరు వ్యాపారి ఏదో పత్రికలోంచి చించిన రంగుల పేజీ తెచ్చాడు. అందులో ఒక తెల్లదొరసాని కూర్చుని ఉంది. ఆమె గౌను నిండా నల్లటి తీగెలు, గుండెల మీద బంగారు దానిమ్మ పువ్వు. ఆ పువ్వును పెళ్ళిచీర కొంగులో దింపగలరా అని అడిగాడు. నాన్న కాదందామనుకునే లోపల అక్క ఔనంది. మూడు నెలలు నేశారు. వ్యాపారి చీర తీసుకుపోయాడు. దాన్ని ఎవరు కట్టారో, ఎక్కడుందో మాకు తెలియదు. ఆ చీర కూలితో నేను బి.ఇడి.లో చేరాను. పేజీ మాత్రం మగ్గం పక్క గోడ మీద ఉండిపోయింది. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఊరి పేరు ఉంది. ఫ్లోరెన్స్.

ఆ బొమ్మ గురించి నాన్నకూ అక్కకూ ఒక తగాదా ఉండేది. పువ్వులో బంగారం చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది. అది అచ్చులో వచ్చిన తప్పని నాన్న అనేవాడు. కాదు, ఆ పోగు బట్ట మీద ఉంగరాలుగా లేచి నిలబడి ఉందని అక్క అనేది. బంగారు పోగు ఎట్లా లేస్తుందమ్మా అని ఆయన నవ్వేవాడు. నాన్న పోయేదాకా అది తేలలేదు.

బెంగుళూరులో వేలిముద్రలు

రిటైరైనప్పుడు వచ్చినదాంట్లో కొంత ఈ ప్రయాణానికని పక్కన పెట్టాను. అక్కకూ నాకూ పాస్‌పోర్టులు చేయించాను. టూరువాళ్ళతో మాట్లాడుకున్నాను. వీసా కోసం ఇద్దరం బెంగుళూరు పోయాం. గాజుపలక మీద నా వేళ్ళు పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. అక్క వేళ్ళకు వెలగలేదు.

అక్కడ కూర్చున్న అమ్మాయి మంచిది. తడిగుడ్డతో అక్క వేళ్ళు తుడిచింది, ఆరబెట్టింది, ఒక్కో వేలునూ తనే పట్టి నొక్కింది. లైటు వెలగలేదు. ఏళ్ళ తరబడి పట్టుపోగులు మెలిపెట్టిన వేళ్ళు. గీతలే లేవు. నెలరోజులు ఏదైనా క్రీము రాసి మళ్ళీ రమ్మన్నారు. వాళ్ళిచ్చిన తేదీ మా విమానం తేదీ తర్వాత పడింది.

నేనూ మానుకుంటానన్నాను. తిరుగు బస్సులో అక్క చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత నా చేయి పట్టుకుంది.

"నేను నేసినా, నువ్వు సదివినావు. ఇప్పుడు నువ్వు పోయి సూసి రా. నా కండ్లు, నీ కండ్లు ఏరేనా?" అంది. "బిరబిరా సూసి రావద్దు సరోజా. నిదానంగా సూడు."

ఉప్పు లేని రొట్టె

ఫ్లోరెన్స్‌లో మాకు మూడు రోజులు. ఆ ఊరివాళ్ళు దాన్ని ఫిరెంజే అంటారు. హోటల్ గదిలో రెండు మంచాలు. అక్క పడుకోవలసిన మంచం మీద ఎస్తేరమ్మ తన పెట్టె తెరిచింది. ఖాళీ అయిన సీటులో చివరి నిమిషంలో చేరింది ఆమె. పుంగనూరు మనిషి. మదనపల్లెలో మిషనాసుపత్రిలో కాన్పుల వార్డు నర్సుగా చేసి రిటైరైంది.

"మీది మదనపల్లా? ముప్పై ఏండ్లు ఆడే పనిచేసినా. మీ ఇండ్లల్లో బిడ్డలు సగం మంది నా చేతుల్లోకే వచ్చింటారు," అంది సంతోషంగా.

నేను ఊఁ అన్నాను. ఆమె ఏ తప్పూ చేయలేదు. అయినా ఆమె అక్క మంచం మీద దుప్పటి సర్దుకుంటూ ఉంటే చూడలేక కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఎదురుగా ఇళ్ళ కప్పులన్నీ ఎర్రపెంకులు. వాటి మధ్యలోంచి పెద్దగుడి గోపురం, అదీ ఎర్రటిదే, ఊరినంతా తన కిందికి తీసుకున్నట్టు లేచి ఉంది. మాట్లాడకుండా చూశాను. పక్కన ఉండి "ఎంత సున్నం పట్టింటుందో" అనే అక్క లేదు.

ఆ ఊళ్ళో కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుని తాగితే ఇంకో ధర. మాకు తెలియక కూర్చున్నాం. ఉగ్గుగిన్నెంత కప్పులో అడుగున నాలుగు చుక్కలు తెచ్చిపెట్టాడు. ఎస్తేరమ్మ కప్పు వంచి చూసి, "మందు డోసు మాదిరి ఉండాది," అంది. మర్నాటినుంచి ఊరివాళ్ళలాగే బల్ల దగ్గర నిలబడి, ఒక్క గుక్కలో తాగి వెళ్ళిపోయేవాళ్ళం.

కూరగాయల అంగడి కనపడేసరికి నా కాళ్ళు అటే పోయాయి. టమోటాలు కిలో మూడు యూరోలు. మన రూపాయల్లో మూడు వందలకు పైనే. మదనపల్లె టమోటా మార్కెట్ యార్డులో ధర పడిపోయిన రోజుల్లో రైతులు రోడ్డు వార పారబోసిపోయే కాయలు గుర్తొచ్చాయి. అలవాటు కొద్దీ ఒక కాయ తీసి బొటనవేలితో నొక్కి చూశాను. అంగడామె గబగబా వచ్చి నా చేతిలోంచి కాయ తీసుకుని, దాన్ని తుడిచి, మళ్ళీ వరసలో పెట్టింది. అక్కడ కొనేవాళ్ళు కాయను తాకకూడదట, చూపిస్తే ఆమే ఏరి ఇస్తుందట. మదనపల్లెలో పుట్టినదాన్ని టమోటా ముట్టుకోనివ్వలేదు. నవ్వాలో, చిన్నబుచ్చుకోవాలో తెలియలేదు. ఎస్తేరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. మా ఇద్దరి మధ్యా అదే మొదటి నవ్వు.

రాత్రి భోజనంలో రొట్టె చప్పగా ఉంది. ఎస్తేరమ్మ ఉప్పు మర్చిపోయారేమో అడగమంది. ఈ ప్రాంతపు రొట్టెలో ఉప్పు వేయరని, కూరలో ఉన్నది చాలని వడ్డించే ఆయన చెప్పాడు. మన సంగటి కూడా అంతే కదా. పులుసులో ఉన్న ఉప్పే ముద్దకు. మిగిలిన రొట్టెను పారేయరు. మర్నాడు చిక్కుడు గింజలూ ఆకుకూరా వేసి మళ్ళీ ఉడికిస్తారు. ఆ వంటకం పేరుకే 'మళ్ళీ ఉడికించింది' అని అర్థమట. వేడివేడిగా చిక్కగా ఉంది. రెండు గిన్నెలు తిన్నాను. అక్క అయితే అందులో ఒక ఎండుమిరపకాయ నలిపి వేసుకునేది.

మేడ మీది దొరసాని

బొమ్మలున్న మేడకు మర్నాడు పోయాం. మెట్లు ఎక్కుతూనే ఉండాలి. పైన పొడుగాటి వసారా, అటూ ఇటూ చలువరాతి మనుషులు, కప్పు మీదంతా రంగులు. వసారా పక్కన గది వెనక గది. గదుల నిండా తల్లీ బిడ్డల బొమ్మలే.

ఎస్తేరమ్మవాళ్ళ చర్చిలో బొమ్మలుండవు. "గోడ మీద ఒక వాక్యం రాసింటారు, అంతే," అంది. అందుకని మొదట కొంచెం బిడియంగా చూసింది. కాసేపటికి ఆమెలోని నర్సు బయటికొచ్చింది. "ఈ బిడ్డ పుట్టి పది దినాలంటే నేను నమ్మను. ఆరు నెల్లు ఉంటాది," అంది ఒకచోట. ఇంకోచోట, "ఏమమ్మా, తల కింద చెయ్యి పెట్టాల గదా," అని మరియమ్మకే చెప్పింది. దేవదూత ఎవరో, చేతిలో తెల్లపువ్వు ఎందుకో, మూలన నిలబడ్డ ముసలాయన ఎవరో అన్నీ నాకు చెప్పింది. నేను ఆమెకు బట్టలు చెప్పాను. ఇది మెత్తటి పట్టు, ఇది ఉన్ని, ఈ మడత ఇట్లా విరిగిందంటే పోగు బిగువుగా ఉందన్నమాట అని. ఆమె శ్రద్ధగా విన్నది. అక్క లేని వెలితి ఆ గంటలో నన్ను కొంచెం వదిలింది.

తర్వాత ఒక గది వాకిట్లో నా కాళ్ళు ఆగిపోయాయి. ఎదురు గోడ మీద ఆమె ఉంది.

మా గోడ మీది కాగితంలో ఆమె ఒక్కతే, పసుపెక్కిపోయి. ఇక్కడ ఆమె వెనక చిక్కటి నీలం. కాగితంలో చిరిగిపోయిన చోట ఒక కొడుకు నిలబడి ఉన్నాడు, అతని భుజం మీద ఆమె చేయి. మెడలో ముత్యాలు. ఇక ఆ బట్ట. తెల్ల పట్టు మీద నల్లటి తీగెలు మెత్తగా మందంగా పాకుతున్నాయి. గుండెల నడుమ దానిమ్మ. కుంచెతో వేసిందని కాసేపు నాకు తోచలేదు. ఆమె లేచి నిలబడితే ఆ గౌను చేసే చప్పుడు ఎట్లా ఉంటుందో కూడా తెలిసిపోతుంది.

దగ్గరికి పోయాను. పువ్వు లోపల బంగారం చుక్కలు కావు. ప్రతి చుక్కా ఒక చిన్న ఉంగరం. పోగు పైకి లేచి, వంగి, మళ్ళీ బట్టలోకి దిగింది. వేసినాయన ఒక్కో ఉంగరానికీ పక్కన నీడ కూడా పెట్టాడు. అక్క చెప్పిందే నిజం. నలభై ఏళ్ళ కింద, చిరిగిన కాగితం చూసి చెప్పిన మాట నిజం.

ఇంకా దగ్గరికి పోయినట్టున్నాను. ఎక్కడో కీచుమని మోగింది. కాపలా ఉన్న పెద్దావిడ వచ్చి నన్ను రెండడుగులు వెనక్కి జరిపింది. నేను బొటనవేలూ చూపుడువేలూ రాసి, బట్ట అని సైగ చేశాను. కళ్ళు తుడుచుకోవడం మర్చిపోయాను కాబోలు. ఆవిడ నా ముఖం చూసి గొంతు తగ్గించింది. నా దగ్గర్నుంచి టికెట్టు తీసుకుని వెనక ఏదో రాసి ఇచ్చింది. ఊరి చివర ఇట్లాంటి బట్ట ఇంకా చేత్తో నేసే చోటు ఒకటి ఉందని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది.

గంటకు పైనే అక్కడ ఉన్నాను. తర్వాత వసారాలోకొచ్చి, ఏరు కనపడే కిటికీ దగ్గర నిలబడి అక్కకు ఫోన్ చేశాను. పక్కన బల్ల మీద ఎస్తేరమ్మ చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుని ఉంది.

ఒక్క రింగుకే ఎత్తింది అక్క. "సూస్తివా?"

"చూసినా అక్కా."

"ఎట్లుండాది? సెప్పు."

చెప్పడానికే చేశాను. నోటిదాకా వచ్చింది. అప్పుడు నా కళ్ళ ముందు గాజుపలక మీద తడిగుడ్డతో తుడిచిన ఆ వేళ్ళు కనిపించాయి. ఇంత గొప్పదాన్ని చూడలేకపోయావని ఆమెకు ఎట్లా చెప్పాలి? చెప్పి, ఆ ఇంట్లో ఆమెను ఒక్కదాన్నే ఆ బాధతో ఎట్లా వదిలిపెట్టాలి?

"ఏముందిలే అక్కా," అన్నాను. "అంత పేరే గానీ, రంగులన్నీ మాసిపోయిండాయి. మన కాగితంలో కనపడినంత కూడా లేదు. నువ్వు నేసిందే మేలు."

అవతల మా వీధి మగ్గాల చప్పుడు వినపడింది.

"ఔనా," అంది. "సరేలే. సలిలో తిరగొద్దు." ఫోన్ పెట్టేసింది.

అక్క మనసు తేలికైందనుకున్నాను. ఎస్తేరమ్మ చెప్పులు తొడుక్కుంటోంది. నా ఏడుపూ చూసింది, నా మాటా విన్నది.

కొండ కింద మగ్గం

మూడో రోజు టూరువాళ్ళు అంగళ్ళకు పోయారు. నేను టికెట్టు వెనక రాసిన చోటు వెతుక్కుంటూ బయల్దేరాను. ఎస్తేరమ్మ అడక్కుండానే నాతో వచ్చింది. బస్సు ఒక స్టాపు ముందే దిగిపోయాం. అక్కణ్ణుంచి గుట్ట ఎక్కుతూ రోడ్డు. ఇరువైపులా ఆలివ్ చెట్లు, మన చింతచెట్ల కింద పట్టలు పరిచినట్టు వాటి కింద వలలు పరిచి కాయ దులుపుతున్నారు. కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన టికెట్టు మీది రాత చదివి, చెప్పి ఊరుకోకుండా తలుపు దాకా నడిచి వదిలిపెట్టాడు. దారి పొడవునా తన మోకాళ్ళ గురించి వాళ్ళ భాషలో చెబుతూనే ఉన్నాడు. ఎస్తేరమ్మ తెలుగులో జవాబులు చెప్పింది. ఇద్దరికీ బాగానే కుదిరింది.

లోపల పది మగ్గాల దాకా ఉన్నాయి. రెండిటి మీదే పని. చెక్క చప్పుడు వినగానే నేను మా వీధిలో ఉన్నాననిపించింది. పైనుంచి, బట్టలో పువ్వు దింపే చిల్లుల అట్టలు దండలుగా వేలాడుతున్నాయి, అచ్చం మన మగ్గాల అట్టలే. మార్తా అనే ఆమె, మా వయసుదే, మఖమల్ నేస్తోంది. రోజంతా కూర్చుంటే జానెడు బట్ట కూడా రాదట. ఫోన్లో మా అక్కకు చూపించవచ్చా అని అడిగితే తల ఊపింది.

అక్క ముఖం ఫోన్లోకి వచ్చింది. కొంచెం వాడినట్టు కనిపించింది. సిగ్నల్ అనుకున్నాను. మార్తా నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, పని కనపడేట్టు మగ్గం చట్రానికి ఆనించి నిలబెట్టింది. ఒక చిన్న కొక్కెంతో బంగారు పోగును పైకి లాగి, ఉంగరంగా నిలబెట్టి, మగ్గం పలకతో తట్టి బిగించింది. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి.

"నాయినకు సెప్పలా నేను?" అంది అక్క. "లేస్తాది అంటే నవ్వె. ఇంగోసారి సూపీమను."

మార్తాకు ఆ మాట అర్థమైనట్టే ఇంకోసారి చూపించింది. తర్వాత బట్టను కిందినుంచి ఎత్తి వెనకవైపు చూపించింది. అక్క కళ్ళు ఫోనుకు ఆనించింది కాబోలు, తెర నిండా ఒక కన్నే కనపడింది.

"ఎడమ పక్క సూడమను. ఆడ ఒక పోగు తెగిండాది. సన్నగా గీత వస్తాండాది."

నేను వేలు పెట్టి చూపించాను. మార్తా వంగి, కళ్ళద్దాలు తీసి చూసింది. నిజంగానే తెగింది. ఆమె ఫోనుకేసి రెండు చేతులూ జోడించి, నవ్వుతూ పోగు ముడి వేసింది. అక్క ఎప్పుడూ వేసే ముడే. ఆ గదిలో నేనొక్కదాన్నే చేతకానిదాన్ని. చదువు చెడిపోతుందని అక్క నన్ను ఎప్పుడూ మగ్గం ఎక్కనివ్వలేదు. ఆ ముడి నేర్చుకోవాలని చిన్నప్పుడు ఎంత ఆశపడ్డానో ఆ క్షణంలో గుర్తొచ్చింది.

ఫోన్ నా చేతికొచ్చాక అక్క అడిగింది. "ఈ యమ్మ నేసేది మంచి పని. మరి ఆ బొమ్మలో గూడా ఇట్లే ఉంగరాలు ఉండాయా?"

"ఏమో అక్కా. దగ్గరికి పోనీలేదు."

"అట్లనా," అంది. ఆమె ముఖంలో వెలుగు తగ్గడం చూశాను. రెండో అబద్ధం మొదటిదాని కంటే సులభంగా వచ్చింది.

సగం బిళ్ళలు

ఆ మధ్యాహ్నం ఎస్తేరమ్మ వంతు. ఆ ఊళ్ళో వందల ఏళ్ళ నాటి అనాథశిశువుల ఆశ్రమం ఒకటుంది. ముందు కమానుల మీద నీలం గుండ్రాల్లో గుడ్డలు చుట్టిన పసిబిడ్డలు చేతులు చాపి ఉంటారు. లోపల చిన్న చిన్న సొరుగులు. ఒక్కో సొరుగులో ఒక్కో బిళ్ళ. సగానికి విరిచిన నాణెం, సగం పతకం, తెగిన పూస. బిడ్డను వదిలిపోయే తల్లి ఒక సగాన్ని బిడ్డ మెడలో కట్టి, రెండో సగం తన దగ్గర ఉంచుకునేదట. ఎప్పటికైనా వచ్చి, సగానికి సగం కలిపి, ఇది నా బిడ్డ అని చెప్పడానికి. అక్కడున్నవి ఎవరూ వచ్చి కలపని సగాలు.

ఎస్తేరమ్మ ఒక్కో సొరుగూ లాగి, చూసి, మెల్లిగా మూసింది. అన్నీ అయ్యాక బయట మెట్ల మీద కూర్చున్నాం.

"నేను చేరిన కొత్తలో ఒకామెకు చచ్చిన బిడ్డ పుట్టె," అంది. "పెద్దతిప్పసముద్రం పక్క మనిషి. చూస్తానమ్మా అని నా చెయ్యి పట్టుకునింది. చూస్తే తట్టుకోలేదని, వద్దులేమ్మా, బాగలేదు అని చెప్పి పంపించేస్తి. ఆమె మంచికే చెప్పినా. ఇరవై ఏండ్లకు మళ్ళా వచ్చె, కూతురు కాన్పుకు. నన్ను గుర్తుపట్టి అడిగింది, నా బిడ్డ ఎట్లుండె సిస్టరమ్మా అని. నాకు గుర్తు లేదు సరోజమ్మా. ఎన్ని కాన్పులు. ఆ బిడ్డ ముఖం చూసిందాన్ని నేనొక్కదాన్నే, నాకే గుర్తు లేదు." కొంగు భుజం మీదికి లాక్కుంది. "అప్పట్నుంచి ఎవురికీ వద్దని చెప్పలా."

నేను సంచీలో ఫోన్ కోసం తడిమాను.

"నిన్న మీ అక్కకు ఏం చెప్పినారో నేను అడగను," అంది ఎస్తేరమ్మ. లేచి నాకు చేయి అందించింది.

ఆ సాయంత్రం ఏటి గట్టున నిలబడి ఫోన్ రెండుసార్లు తీశాను, రెండుసార్లు లోపల పెట్టాను. ఏటి నీళ్ళలో వంతెన పసుపురంగుగా వణుకుతోంది. ఇంటికి పోవాలనిపించింది. మళ్ళీ ఆ మేడ మెట్లెక్కి ఒక్కసారి చూడాలనీ అనిపించింది. రెండు కోరికలూ ఒకేసారి అంత గట్టిగా ఎప్పుడూ కలగలేదు. ఎదురుగా కూర్చునే చెప్పాలని నిర్ణయించుకున్నాను.

మదనపల్లె

ఎదురుగా కూర్చున్నా మూడు రోజులు చెప్పలేకపోయాను. అక్క అడిగితే చెబుదామనుకున్నాను. ఆమె అడగలేదు. విమానంలో చెవులు నొప్పెట్టాయా అని అడిగింది. అక్కడ అన్నం దొరికిందా అని అడిగింది. తెచ్చిన ఉన్ని శాలువా కప్పుకుని బాగుందంది. బొమ్మ మాట ఎత్తలేదు. అంతకు ముందు వారానికి రెండుసార్లయినా ఎత్తే మనిషి.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇద్దరం వసారాలో అనపకాయలు ఒలుస్తున్నాం.

"అక్కా, నీకొక మాట చెప్పాల," అన్నాను. "బొమ్మ గురించి నేను నీకు అబద్ధం చెప్పినా."

అక్క చేతిలో కాయ చేతిలోనే ఉంది.

"మాసిపోలేదు. ఏమీ మాసిపోలేదు. దాని ముందర నిలబడి ఏడిస్తి నేను. గంటసేపు ఆణ్ణుంచి కదల్లేకపోతి. నువ్వు చెప్పినట్లే ఉండాది, ఉంగరాలే. ఒక్కో ఉంగరానికి పక్కన నీడ కూడా వేసినాడు. నువ్వే రైటు అక్కా. నాయినది తప్పు."

అక్క కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండుననుకున్నాను.

"మరి యాల అట్ల సెప్తివి?"

"నువ్వు చూడలేకపోతివే అని బాధపడతావని."

"బాధ," అంది. కాయ చేటలో పెట్టింది. "నువ్వు ఆ పొద్దు అట్ల సెప్పినాక నాకు అన్నం పోలా సరోజా. నలపై ఏండ్లు దాన్ని తలుసుకుంటా కూసున్నా మగ్గం కాడ. నడుము నొప్పిలో తలుసుకుంటి, నాయిన పోయినప్పుడు తలుసుకుంటి. లోకంలో యాడో ఒక తావ అంత మంచిది ఒకటి ఉండాదిలే అనుకుంటి. నేను సూడకపోతే ఏమి, అది ఉండాది గదా. నువ్వు ఉత్తదే అంటివి. అట్లయితే నేను ఇన్నాళ్ళు దేన్ని తలుసుకుంటి అని సూస్తే, నాకు ఏమీ మిగల్లా."

అక్క మోకాలి మీద తల పెట్టాను. అరవై దాటినదాన్ని, అట్లా పెట్టుకున్నాను. అక్క నా తల మీద చేయి వేసింది.

తర్వాత శాలువా అంచుతో ముఖం తుడుచుకుని చేట పక్కకు నెట్టింది. కాళ్ళు మడిచి, గోడకు ఆనుకుని, సరిగ్గా కూర్చుంది.

"లేయ్. ఇప్పుడు మొదట్నుంచి సెప్పు. ఆ మేడలోకి యాడనుంచి పోతారు? వాకిలి కాణ్ణుంచి సెప్పు, ఏదీ ఇడ్సిపెట్టద్దు."

చెప్పాను. వాకిలి చెప్పాను, క్యూ చెప్పాను, చలువరాతి మనుషుల్ని చెప్పాను. ఎస్తేరమ్మ మరియమ్మకు బిడ్డను ఎత్తుకోవడం నేర్పింది చెబితే అక్క నవ్వింది. ఆ నీలం ఎట్లాంటి నీలమో చెప్పలేక తిప్పలు పడితే, ఒక్కో రంగు పేరూ తనే అందించి, చివరికి ఏదో ఒకటి పట్టుకుంది. దానిమ్మ పువ్వు దగ్గర నన్ను మూడుసార్లు ఆపి మళ్ళీ చెప్పించుకుంది. అనపకాయలు అట్లానే ఉన్నాయి. వీధిలోకి నీడ వచ్చేసింది.

అంతా అయ్యాక అక్క చాలాసేపు ఎదురింటి గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఆమె ముఖం నేను ఎన్నేళ్ళుగానో చూడని ముఖం. దానిలో ఆకలి ఉంది.

"అట్లయితే నేను పోవల్సిందే," అంది.

"రేపట్నుంచే వేళ్ళకు క్రీము రాసుకో అక్కా, మళ్ళా బెంగుళూరు పోదాం," అన్నాను.

"ఆ మేడకు మెట్లు ఎన్ని ఉండాయి?"

"శానా ఉండాయి అక్కా. ఎక్కుతానే ఉండాల."

అక్క రెండు చేతులతో తన మోకాళ్ళు నిమురుకుంది.

"ఉండనీ," అంది. "మెల్లిగా ఎక్కుదాం."